పెద్దమ్మకు పెంపకం లైసెన్సు

పిల్లల్ని కనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని మనుషులు ఎప్పుడో తీర్మానించుకున్నారు. దానికి ఫారం లేదు, క్యూ లేదు, పాస్‌పోర్ట్ సైజు ఫొటో అడిగేవాళ్ళు లేరు. కానీ ఇంకొకరు కన్న బిడ్డకి అన్నం పెట్టి, జడ వేసి, బడికి పంపడం అలాంటి ఆషామాషీ వ్యవహారం కాదు. దానికి లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని ప్రేమ ఎంత ప్రమాదకరమో మామూలు జనానికి తెలియదు కాబట్టి, ఆ సంగతి తెలిసినవాళ్ళని కొందరిని ఏరి, ఒక మూడంతస్తుల భవనంలో కూర్చోబెట్టారు. దాని పేరు బాలల పెంపక అనుమతుల, సర్దుబాట్ల కార్యాలయం. (సర్దుబాట్లు ఎవరు చేసుకోవాలో బోర్డు మీద రాయలేదు. చోటు చాలలేదు.)

ఆ కార్యాలయం గేటుకి ఎదురుగా ఒక జిరాక్సు కొట్టుంది. దాన్ని నడిపే ఆవిడకి యాభై దాటాయి. వీధి వీధంతా ఆవిడని పెద్దమ్మ అనే పిలుస్తుంది. ఆవిడ దగ్గర పెరుగుతున్న పిల్ల అలా పిలవడం విని విని, కూరగాయల బండివాడి నుంచి కార్యాలయం వాచ్‌మన్ దాకా అందరికీ అదే అలవాటైంది.

ఆ పిల్ల పెద్దమ్మ చెల్లెలి కూతురు. దానికి మూడేళ్ళున్నప్పుడు తల్లి జబ్బుచేసి పోయింది. తండ్రి అంతకు ముందే ఇంకో ఊళ్ళో ఇంకో సంసారంలో కుదురుకున్నాడు. అంత్యక్రియలు అయిన రోజు సాయంత్రం పెద్దమ్మ పిల్లని చంకనేసుకుని, దాని మంచాన్ని రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకుంది. అంతే. ఎవరినీ అడగలేదు. అడగాలని తోచలేదు. ఆ పిల్లకిప్పుడు పదేళ్ళు. మనిషి ఇంతే ఉంటుంది, మాట మాత్రం ఘాటు. అందుకని మిరియం అనే పేరు స్థిరపడిపోయింది.

గొడవ మొదలైంది బడి ఫారంతో. ఆరో తరగతిలో చేర్చడానికి ఇచ్చిన ఆ కాయితంలో, సంతకం చోటు కింద 'తల్లి / తండ్రి / లైసెన్సు పొందిన పెంపకందారు' అని అచ్చువేసి ఉంది. పెద్దమ్మ దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. సరిగ్గా అప్పుడే ఎదురు ఆఫీసు సూపరింటెండెంటు ఏవో కాపీలకోసం కొట్టుకొచ్చాడు.

సూపరింటెండెంటు మహా మర్యాదస్తుడు. ఎవరికి కుదరదని చెప్పినా కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్తాడు.

"సార్, వీటిల్లో నేనేమవుతాను?" అని పెద్దమ్మ ఫారం చూపించింది.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎన్నాళ్ళుగా పెంచుతున్నారు?"

"ఏడేళ్ళు."

"లైసెన్సు?"

"దేనికి సార్?"

"అయ్యయ్యో," అన్నాడాయన నిజంగానే బాధపడుతూ. "ఈ మాట మీరు నాకు చెప్పకుండా ఉండాల్సిందమ్మా. నేను విన్నాను. విన్నదాన్ని విననట్టు చేసుకోవడానికి మా దగ్గర ఫారం లేదు."

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ కొట్టుకి తాళం వేసి, మిరియాన్ని వెంటబెట్టుకుని రెండో అంతస్తుకి వెళ్ళింది. ఆయన కుర్చీ వేశాడు. కుర్చీ చూడగానే పెద్దమ్మకి సంగతి అర్థమైంది.

పదకొండో నంబరు ఫారం ఇరవై రెండు పేజీలు. పెద్దమ్మ పన్నెండేళ్ళుగా దానికి కాపీలు తీస్తోంది. తొమ్మిదో పేజీలో గీత వంకరగా ఉంటుందనీ, పద్నాలుగో పేజీ తలకిందులుగా కుట్టి ఉంటుందనీ ఆవిడకి కంఠతా వచ్చు. చదవడం మాత్రం అదే మొదలు.

ఏడో గడిలో 'పిల్లల్ని పెంచిన అనుభవం' అని ఉంది. 'ఏడేళ్ళు' అని రాసింది.

"అది కొట్టేయండమ్మా," అన్నాడు సూపరింటెండెంటు నెమ్మదిగా.

"అబద్ధం కాదు సార్."

"అబద్ధమైతే ఫర్వాలేదు, దిద్దుకోవచ్చు. నిజం కావడం వల్లే చిక్కు. లైసెన్సు లేని అనుభవం అనుభవం కిందికి రాదు, నేరం కిందికొస్తుంది. 'లేదు' అని రాస్తే మిమ్మల్ని శిక్షణకి పంపుతాను. 'ఏడేళ్ళు' అని రాస్తే స్టేషనుకి పంపాలి. మీ మంచికే చెప్తున్నాను."

పెద్దమ్మ 'ఏడేళ్ళు' కొట్టేసి, 'లేదు' అని రాసింది.

పక్కనుంచి మిరియం తొంగి చూసింది. "మరి నన్నెవరు పెంచారు పెద్దమ్మా?"

"నువ్వూరుకో."

"ఆ విషయం విచారణలో ఉంది పాపా," అన్నాడు సూపరింటెండెంటు.

తర్వాత ఆయన అసలు సంగతి చెప్పాడు. దరఖాస్తుదారు ఇల్లు బిడ్డకి తగినదో కాదో తేలాలి. తేలేదాకా ఆ ఇంట్లో బిడ్డ ఉండటానికి వీల్లేదు.

"ఏడేళ్ళుగా ఉంటోంది కదండీ!"

"అందుకేనమ్మా, ఇక ఒక్క పూట కూడా ఉండకూడదు."

పెద్దమ్మ మిరియం చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటిదాకా కుర్చీ కాళ్ళు తన్నుతున్న పిల్ల కూడా తన్నడం మానేసింది.

"ఎక్కడికి పంపుతారు?" అనడిగింది పెద్దమ్మ చివరికి.

"లైసెన్సున్న ఇంటికి. ఈ పరిధిలో ఖాళీ ఉన్న ఇల్లు ఒక్కటే ఉంది." ఆయన ఒక పెద్ద రిజిస్టరు తెరిచి, చిరునామా చదివాడు. సగం చదివేసరికి పెద్దమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"అది మా ఇల్లే సార్!"

"మీది కింది వాటా. ఇది మేడమీది వాటా." ఆయన దగ్గాడు. "రెండిటికీ దూరం ఎంత?"

"పదహారు మెట్లు."

"చాలు," అన్నాడాయన రాసుకుంటూ. "నిబంధనలో కనీస దూరం ఏమీ చెప్పలేదు."

మేడమీద ఒక రిటైరైన బస్సు కండక్టరు, ఆయన భార్య ఉంటారు. వాళ్ళకి పిల్లల్లేరు. తొమ్మిదేళ్ళ కిందటే లైసెన్సు తీసుకున్నారు. తీసుకున్ననాటి నుంచి గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకోవడమే తప్ప, ఆ లైసెన్సుకి తగ్గ బిడ్డ మాత్రం రాలేదు. బిడ్డ ఉన్నప్పుడు లైసెన్సు రెన్యువల్లో ఉండేది, లైసెన్సు చేతికొచ్చేసరికి బిడ్డని ఇంకెవరికో ఇచ్చేసేవారు. పెంపకం నిమిత్తం కొన్న చిన్న కుర్చీ మీద కండక్టరుగారు తొమ్మిదేళ్ళుగా దినపత్రికలు పెట్టుకుంటున్నారు.

బిడ్డని ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి తరలించేటప్పుడు ఆఫీసు జీపులోనే తరలించాలి. కాబట్టి ఆ మధ్యాహ్నం జీపొచ్చింది. మిరియం సంచీ, మంచం, పుస్తకాలు అందులోకి ఎక్కాయి. మిరియం ఎక్కింది. జీపు వీధి చివరిదాకా వెళ్ళి, ఆఫీసు చుట్టూ తిరిగి, రిజిస్టరులో సమయం వేయించుకుని, పన్నెండు నిమిషాల్లో అదే ఇంటి గేటు ముందు ఆగింది. డ్రైవరు మంచం దింపి మేడమీదికి మోశాడు. కండక్టరుగారు సంతకం పెట్టారు. బిడ్డ అందినట్టు రసీదిచ్చారు.

పెద్దమ్మ తన గుమ్మంలోనే నుంచుని ఇదంతా చూసింది. మిరియం మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తా పెద్దమ్మా," అని ఒక నవ్వు నవ్వింది. నవ్వు బాగానే మొదలైంది కానీ చివరిదాకా నిలవలేదు.

(బడి ఫారం మీద కండక్టరుగారు మర్నాడే సంతకం పెట్టేశారు. కాబట్టి ఇదంతా ఏ పనికోసం మొదలైందో ఆ పని రెండోరోజుకే అయిపోయింది. అయినా మొదలైన ఫైలు ఆగదు. ఆపడానికి వేరే ఫైలు తెరవాలి.)

ఇక అక్కడినుంచి మిరియం కింది వాటాకి అతిథి. సాయంత్రం అయిదు నుంచి ఏడుదాకా రావచ్చు. గుమ్మం దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టాలి. 'కలవదలచిన వ్యక్తితో సంబంధం' అన్నచోట 'పెద్దమ్మ' అని రాస్తే చెల్లదు, 'దరఖాస్తుదారు' అని రాయాలి. అతిథి బిడ్డకి మంచినీళ్ళు, సలహాలు ఇవ్వవచ్చు. భోజనం పెట్టకూడదు. పెడితే అది పెంపకం అవుతుంది.

మొదటిరోజు 'వచ్చిన పని' అన్నచోట మిరియం 'జడ' అని రాసింది. రెండోరోజు 'లెక్కల్లో కూడికలు రావట్లేదు' అని రాసింది. మూడోరోజు 'ఊరికే' అని రాసింది. వారం తర్వాత తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ 'ఊరికే' కింద ఎర్రగీత గీసి, 'కారణం స్పష్టంగా లేదు' అని పక్కన రాసింది. ఆ తర్వాత నుంచి మిరియం స్పష్టంగానే రాసేది: 'దరఖాస్తుదారు మొహం చూడటానికి.'

మేడమీద మాత్రం సంబరంగా ఉంది. కండక్టరుగారు పొద్దున్నే లేచి చిన్న కుర్చీ తుడుస్తున్నారు. బస్సు బయల్దేరే ముందు ఈల వేసినట్టు, మిరియం బడికి వెళ్తుంటే "రైట్, రైట్!" అని అరుస్తున్నారు. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు, అయినా రోజూ బజారుకెళ్ళి ఏదో ఒక రిబ్బను పట్టుకొస్తోంది. మిరియం ఆవిణ్ణి మామ్మా అంటోంది. అలా పిలిచిన ప్రతిసారీ ఆవిడ వంటగదిలోకి వెళ్ళి, ఏదో పనున్నట్టు గిన్నెలు కదిలిస్తోంది.

కింద పెద్దమ్మకి ఆ గిన్నెల చప్పుడు వినిపిస్తూనే ఉండేది. కోపం తెచ్చుకుందామని చాలాసార్లు చూసింది. ఎవరిమీద తెచ్చుకోవాలో తెలియక, కొట్టులో కాపీలు తీసేటప్పుడు మిషను మూత గట్టిగా వేసేది.

శిక్షణ ఎనిమిది శనివారాలు. బోధించేది ఇన్‌స్పెక్టరే. పాతికేళ్ళు నిండని అమ్మాయి, మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి జనం టేపు మేడం అంటారు. ఆ అమ్మాయి బల్ల మీద ఒక రబ్బరు బొమ్మని పడుకోబెట్టి, వెనక మీట నొక్కింది. బొమ్మ కేరుమంది.

ఆ కేక ఇంకా ఎవరి నోట్సులోకీ ఎక్కకముందే పెద్దమ్మ లేచి, బొమ్మని ఎత్తుకుని, భుజాన వేసుకుని, వీపు తడుతోంది. బొమ్మ ఏడుపు ఆపేసింది.

"దాన్ని కింద పెట్టండి," అంది టేపు మేడం. "బిడ్డ ఏడిస్తే మొదట చేయాల్సిందేమిటి?"

"ఎత్తుకోవడం."

"కాదు. సమయం రాసుకోవడం. రెండోది?"

"పాలు పట్టడం."

"ఏడుపు రకం గుర్తించడం. ఏడుపులు ఆరు రకాలు, పట్టిక అయిదో పేజీలో ఉంది. మీరు పట్టిక చూడలేదు. చూడకుండానే ఏడుపు ఆగిపోయింది కాబట్టి, అది ఏ రకమో ఇప్పుడు ఎప్పటికీ తెలియదు."

పెద్దమ్మ ఆ వారం తప్పింది. తర్వాతి వారం బొమ్మ ఏడుస్తుంటే, చేతులు రెండూ ఒడిలో బిగించి పట్టుకుని, గడియారం చూసి, 'పది గంటల పధ్నాలుగు నిమిషాలు, మూడో రకం' అని రాసింది. నూటికి తొంభై ఆరు మార్కులొచ్చాయి. చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం మిరియం అడిగింది, "ఏం నేర్పారు పెద్దమ్మా?" అని.

"ఓపిక," అంది పెద్దమ్మ.

రెండు నెలలకి ఇంటి తనిఖీకి టేపు మేడం వచ్చింది. కిటికీలు కొలిచింది, గడప ఎత్తు కొలిచింది, పొయ్యికీ తలుపుకీ ఎన్ని అడుగులో కొలిచింది. పెద్దమ్మ మంచినీళ్ళిస్తే ఆ గ్లాసు కూడా కొలిచి, 'గాజుది, పగిలే స్వభావం కలది' అని రాసుకుంది.

"బిడ్డ మంచం ఎక్కడ?"

"మేడమీదుంది. బిడ్డతోపాటు మీ జీపులోనే వెళ్ళింది."

"అంటే ఈ ఇంట్లో బిడ్డకి మంచం లేదు." రాసుకుంది. "బిడ్డ ఒంటరిగా ఏడవడానికి తగిన స్థలం ఉందా?"

"మా ఇంట్లో ఒంటరిగా ఏడవనివ్వమమ్మా."

టేపు మేడం పెన్ను ఆగింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం తలెత్తి పెద్దమ్మ వంక చూసింది. మళ్ళీ ఫారం చూసుకుంది. "ఇక్కడ అవును, కాదు రెండే ఉన్నాయండీ. కాదని రాయనా?"

"వరండా అని రాసుకో తల్లీ," అంది పెద్దమ్మ. "గాలి బాగా వస్తుంది."

ఆ తర్వాత బిడ్డ అభిప్రాయం. ఇది ఈ కార్యాలయానికి గర్వకారణమైన నిబంధన. పన్నెండేళ్ళలోపు పిల్లల అభిప్రాయాన్ని విధిగా నమోదు చేయాలి, చదవరాదు. చదివితే పెద్దల నిర్ణయం మీద ప్రభావం పడుతుంది. మిరియం చిన్న కుర్చీలో కూర్చుని, నాలుక బయటపెట్టి, గంటసేపు రెండు పేజీలు నింపింది. టేపు మేడం దాన్ని చూడకుండా మడిచి, కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసింది.

"ఎప్పుడు తెరుస్తారు?" అనడిగింది మిరియం.

"నీకు పన్నెండేళ్ళు నిండాక."

"అప్పటికి నా అభిప్రాయం మారిపోతే?"

"అప్పుడు కొత్తది రాయొచ్చు. దాన్ని చదువుతారు కాబట్టి జాగ్రత్తగా రాయాలి."

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం మిరియానికి జ్వరం వచ్చింది. బడి నుంచి తూలుకుంటూ వచ్చి మేడమీద పడుకుంది. మామ్మ తడిగుడ్డ వేసింది, కండక్టరుగారు పరిగెత్తి డాక్టరుని తెచ్చారు. మందు మింగింది కానీ, కళ్ళు మూసుకుని ఒకటే మాట: పెద్దమ్మ కావాలి. టైము మూడున్నర. అతిథి వేళలు అయిదుకి గాని మొదలవ్వవు. దరఖాస్తుదారు లైసెన్సున్న ఇంట్లో అడుగు పెడితే రెండు ఇళ్ళ ఫైళ్ళూ రద్దవుతాయి.

మామ్మ పైనుంచి పిలిచింది. పెద్దమ్మ కొట్టు వదిలేసి వచ్చింది. మెట్ల దగ్గర ఆగిపోయింది.

కండక్టరుగారు నలభై ఏళ్ళు బస్సులో తిరిగిన మనిషి. ఏ స్టేజీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయనకి చెప్పక్కర్లేదు. "అమ్మాయ్," అన్నారు పైనుంచి, "మెట్లు ఎవరి వాటా?"

పెద్దమ్మ ఆలోచించింది. "ఎవరిదీ కాదు బాబాయిగారూ. ఉమ్మడివి."

"ఫారంలో రాశారా?"

"కొలవలేదు."

ఆయన మిరియాన్ని దుప్పటితో సహా ఎత్తుకుని ఎనిమిది మెట్లు దిగారు. పెద్దమ్మ ఎనిమిది మెట్లెక్కింది. మధ్యలో, రేకు మీద వాన టపటపలాడుతుంటే, పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుని పిల్లని ఒళ్ళో వేసుకుంది. మిరియం ఆవిడ చీర చెంగు పిడికిట్లో పట్టుకుని, అయిదు నిమిషాల్లో నిద్రపోయింది. ఏ రకం నిద్రో ఎవరూ రాసుకోలేదు. మామ్మ పై మెట్టు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ముగ్గురు పెద్దవాళ్ళూ సాయంత్రందాకా కదలలేదు. జ్వరం దిగాక మామ్మ ఒక్కమాట అంది: "దీనికి మేం కూడా ఇష్టమే. కానీ నువ్వు కావాలి."

అయిదు నెలలకి లైసెన్సొచ్చింది. సూపరింటెండెంటు కుర్చీ వేశాడు, తనే నుంచున్నాడు, రెండు చేతులతో అందించాడు. లామినేషన్ చేయించి మరీ ఇచ్చాడు. (అది పెద్దమ్మ కొట్టులోనే చేయించాడు.)

"అభినందనలమ్మా. ఈ రోజు నుంచి మీరు ఒక బిడ్డని పెంచడానికి అర్హులు."

"చాలా సంతోషం సార్. మిరియాన్ని ఎప్పుడు తీసుకెళ్ళమంటారు?"

ఆయన మొహంలో మళ్ళీ ఆ నిజమైన బాధ కనబడింది. "ఏ మిరియం? మేడమీది బిడ్డా? ఆ బిడ్డ లైసెన్సున్న ఇంట్లో చేరి తొంభై రోజులు దాటింది కదమ్మా. ఇప్పుడు స్థిరపడిన బిడ్డ. స్థిరపడిన బిడ్డని కదిలిస్తే మనసు దెబ్బతింటుంది. బిడ్డ మనసే మాకు ముఖ్యం. మీకు ఇంకెవరైనా వస్తే కబురు చేస్తాం. జిల్లా మొత్తం క్యూలో మీది ముప్పై ఎనిమిదో నంబరు."

పెద్దమ్మ లైసెన్సుని బల్ల మీద పెట్టింది.

"సార్, మీకు పిల్లలున్నారా?"

"ఇద్దరమ్మా."

"ఏ రోజైనా వాళ్ళు జ్వరమొచ్చి మిమ్మల్ని పిలిస్తే, టైము చూసుకుని వెళ్ళారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫ్యాను కింద కాయితాలు రెపరెపలాడాయి. "నేను లైసెన్సు లేకుండానే తండ్రినయ్యానమ్మా," అన్నాడు చివరికి, కాస్త తలదించుకుని. "నన్ను ఎవరూ తనిఖీ చేయలేదు." ఆ తర్వాత లైసెన్సుని తిరిగి ఆవిడవైపు జరిపాడు. "ఇది మడవకండి. మడిస్తే చెల్లదు."

ఆ మాట మేడమీదికి చేరింది. ఆ రాత్రి కండక్టరు దంపతులు ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తెల్లారాక ఇద్దరూ ఇస్త్రీ బట్టలు వేసుకుని ఆఫీసుకెళ్ళి, బిడ్డని తిరిగి అప్పగిస్తామన్నారు.

అప్పగింతకీ ఫారం ఉంది. అందులో కారణాలు మూడు. బిడ్డ లోపం అని రాస్తే మిరియం దిద్దుబాటు వసతిగృహానికి వెళ్తుంది. పెంపకందారు లోపం అని రాస్తే బిడ్డని వేరే జిల్లాకి పంపుతారు. ప్రకృతి వైపరీత్యం అని రాస్తే మాత్రం, బిడ్డని దగ్గర్లో ఖాళీగా ఉన్న లైసెన్సు ఇంటికి ఆ పూటే చేర్చాలి, క్యూ వర్తించదు. అయితే వైపరీత్యం జరిగిన ఇంటి లైసెన్సు శాశ్వతంగా రద్దవుతుంది. ప్రకృతిని నమ్మలేం కదా.

కండక్టరుగారు ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివారు. భార్యవంక చూశారు. ఆవిడ తలూపింది. మూడో గడిలో టిక్కు పెట్టారు.

"ఏం వైపరీత్యం?" అనడిగాడు సూపరింటెండెంటు.

"వరద."

"మేడమీదా?"

"కిందికింకా దిగలేదు," అన్నారు కండక్టరుగారు.

మధ్యాహ్నం టేపు మేడం తనిఖీకొచ్చేసరికి మేడమీద హాల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. మూల రెండు ఖాళీ బకెట్లు బోర్లించి ఉన్నాయి. మామ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని చిన్న కుర్చీ ఎక్కి నుంచుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కండక్టరుగారు గోడ మీద ఫ్రేము దింపి, చంకలో పెట్టుకుని నుంచున్నారు.

టేపు మేడం బకెట్లు చూసింది. వాళ్ళిద్దర్నీ చూసింది. వంగి టేపుతో నీళ్ళ లోతు కొలిచింది. ఒక వేలి మందం ఉంది.

"బకెట్లు..." అంది.

"నీళ్ళు ఎత్తిపోయడానికమ్మా," అన్నారు కండక్టరుగారు.

ఆ అమ్మాయి రిపోర్టు రాయడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు మాత్రం నీటుగానే వచ్చాయి: 'తీవ్రమైన వరద. నీటిమట్టం ఆందోళనకరం. బిడ్డని తక్షణం లోతట్టు ప్రాంతానికి తరలించవలెను.' వరదొస్తే ఎత్తుకి తరలించాలని తెలిసినా దిద్దలేదు. పదహారు మెట్ల కింద ఉన్నదాన్ని ఇంకేమంటారు?

జీపు రిపేరులో ఉంది. ప్రత్యేక అనుమతి మీద మిరియం నడిచే వెళ్ళింది. మంచాన్ని కండక్టరుగారే దింపారు. ఫ్రేములోంచి లైసెన్సు తీసి టేపు మేడంకి అప్పగించారు. ఖాళీ ఫ్రేముని ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే, మిరియం దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని, "మన ఫొటో పెడదాం తాతయ్యా, రేపు దిగుదాం," అంది. ఆయన "రైట్" అన్నారు. ఒక్కసారే.

ఇప్పుడు మిరియం రాత్రి కింద పడుకుంటుంది, పొద్దున్న పైన తింటుంది, జడ ఎవరికి తీరికైతే వాళ్ళు వేస్తారు. దీనికి ఏ ఫారమూ లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఆర్నెల్ల తర్వాత కార్యాలయం వార్షిక నివేదిక బయటికొచ్చింది. దాని కాపీలు నలభై కావాలని సూపరింటెండెంటు స్వయంగా కొట్టుకొచ్చాడు. పైనుంచి ప్రశంసాపత్రం వచ్చిందట, మనిషి మంచి హుషారుగా ఉన్నాడు. సెలవురోజు కావడంతో మిరియం బల్ల దగ్గర నుంచుని, మిషను లోంచి వేడివేడిగా వస్తున్న పేజీలు వరసలో పెడుతోంది. పెడుతూ పెడుతూ ఒకచోట ఆగి, పైకి చదివింది:

"ఈ సంవత్సరం కార్యాలయం ఆదుకున్న పిల్లలు: అనుమతిలేని పెంపకం నుంచి కాపాడబడిన బాలిక ఒకరు. లైసెన్సు గల గృహంలో ఆశ్రయం పొందిన బాలిక ఒకరు. వరద నుంచి రక్షించబడిన బాలిక ఒకరు. మొత్తం ముగ్గురు." తలెత్తింది. "మిగతా ఇద్దరూ ఎవరు పెద్దమ్మా?"

"వాళ్ళూ నువ్వేనే," అంది పెద్దమ్మ, మిషను మూత వేస్తూ. "చదివింది చాలు, పేజీలు పెట్టు."

ఆఖరి పేజీ బయటికొచ్చింది. అందులో ఒకటే వాక్యం ఉంది: 'వచ్చే సంవత్సరం లక్ష్యం ఆరుగురు.'

సూపరింటెండెంటు కాపీలు అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, మిరియం వంక ఎంతో ఆప్యాయంగా చూశాడు.